కోయసాన్ గుడిలో బస, పల్లె సాకే: రెండూ ఒకే ట్రిప్పులో కుదురుతాయా?

అంబత్తూరు ఆనంద్:

అందరికీ నమస్తే. నేను చెన్నైలో ఉంటాను, ఒరగడం దగ్గర ఆటో పార్ట్స్ ప్లాంటులో పని. జనవరిలో ఆఫీసు పని మీద ఒసాకా పంపిస్తున్నారు, ఆ పని అయ్యాక ఒక వారం సెలవు దొరికింది. ఆ వారానికి మా ఆవిడా, మా మామయ్యా (అమ్మకి తమ్ముడు) ఇక్కడి నుంచి వచ్చి నన్ను కలుస్తారు. పెద్ద సిటీలు, షాపింగ్, థీమ్ పార్కులు మాకు వద్దు. కొండల్లో, పల్లెల్లో ఉండే బౌద్ధ ఆలయాలు చూడాలని, వీలైతే గుళ్ళోనే ఒక రాత్రి ఉండాలని మామయ్య కోరిక. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమరావతి, నాగార్జునకొండ, శాలిహుండం, తొట్లకొండ అన్నీ ఆర్టీసీ బస్సుల్లో తిరిగి చూసిన మనిషి.

నా కోరిక వేరే. మా ప్లాంటుకి వచ్చే జపాన్ ఇంజనీర్లు ఒకసారి ఇక్కడే ఒక జపనీస్ హోటల్‌కి తీసుకెళ్ళి సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) పోయించారు. చిన్న మట్టి కూజాలో వెచ్చబెట్టి తెచ్చారు. ఎవరి కప్పులో వాళ్ళు పోసుకోరు, పక్కవాళ్ళకి పోస్తారు. ఆ రుచి నాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి, దాన్ని ఏ ఊరి నీళ్ళతో చేస్తారో ఆ ఊళ్ళోనే కూర్చుని తాగాలని ఉంది.

ఇక్కడే టెన్షన్. మామయ్య పంచశీల పాటిస్తారు, మందు ముట్టరు. నన్ను వద్దనరు. "నువ్వు పుచ్చుకుంటే నాకేం అభ్యంతరం లేదురా, కానీ గుళ్ళో..." అని ఆగిపోయారు. ఆయన మనసు కష్టపెట్టి నేను ఏదీ తాగను. గుళ్ళో బస చేసేవాళ్ళకి సాకే ఇస్తారని విన్నాను, అది నిజమా, అక్కడి స్వాములు తప్పుగా అనుకోరా? మా ఆవిడ పక్కా వెజ్, చేప వాసన కూడా పడదు, ఆవిడ భోజనం సంగతేంటి? ఒకే చోట ఉండాలా, నాలుగు ఊళ్ళు తిరగాలా? వెళ్ళొచ్చినవాళ్ళు దాచుకోకుండా చెప్పండి.

వేళచ్చేరి వాణి:

ఆనంద్ గారూ, కుదురుతాయి. పైగా మీరుండే ఒసాకా నుంచి ఒకే రైలు లైను మీద కుదురుతాయి. నేనూ మావారూ చలికాలంలోనే వెళ్ళాం కాబట్టి చూసిందే చెప్తాను. ముందు ఒక్క మాట, ఉన్న వారంలో జపాన్ మ్యాపంతా చుట్టాలని చూడకండి. ఒక కొండ, దాని కింది ఊళ్ళు, అంతే పెట్టుకోండి. గుడి బస అంటే సాయంత్రం నాలుగింటికల్లా చేరి, మర్నాడు తెల్లవారుజామున లేచి ప్రార్థనలో కూర్చుని, ఆ తర్వాత తీరిగ్గా నడవడం. రోజుకో ఊరు పెట్టుకుంటే మీకు గుర్తుండేది సూట్‌కేసూ రైల్వే ప్లాట్‌ఫారాలే. మామయ్య గారి వయసుకి కూడా అది మంచిది కాదు.

మీకు సరిపోయేది కోయసాన్. వకయామా జిల్లాలో దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. కూకై అనే సన్యాసికి 816లో అప్పటి చక్రవర్తి ఆ కొండని ఇచ్చాడు, షింగోన్ అనే వజ్రయాన శాఖకి అదే మూలస్థానం. ఆ చిన్న ఊళ్ళోనే వందకి పైగా గుళ్ళు ఉంటే వాటిలో సుమారు యాభై గుళ్ళు బస ఇస్తాయి. ఒసాకాలో నంబా స్టేషన్ దగ్గర నన్‌కాయ్ వాళ్ళ కోయ లైను ఎక్కితే గోకురకుబాషి దాకా రైలు, అక్కణ్ణుంచి అయిదు నిమిషాలు కేబుల్ కారు, పైన బస్సు. కేబుల్ కారు దిగాక ఊళ్ళోకి నడిచి వెళ్ళనివ్వరు, బస్సే ఎక్కాలి. మీవాళ్ళు చెన్నై నుంచి వస్తున్నారు కాబట్టి సింగపూర్ మీదుగానో బ్యాంకాక్ మీదుగానో నేరుగా కన్సాయ్ ఎయిర్‌పోర్టులో దిగేలా టికెట్లు తీయండి. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే నన్‌కాయ్ రైల్లో తెంగాచయ స్టేషన్ దగ్గర దిగి కోయ లైను పట్టుకోవచ్చు, నంబా దాకా కూడా పోనక్కర్లేదు.

భోజనం విషయంలో మీ ఆవిడకి ఆ దేశం మొత్తం మీద అంత నిశ్చింతగా ఉండే చోటు ఇంకోటి దొరకదని నా నమ్మకం. బయట జపాన్‌లో వెజ్ అని అడిగితే కూరగాయలే తెచ్చి పెడతారు, కానీ ఆ పులుసు చేపతో కాచి ఉంటుంది. గుడి భోజనంలో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, పులుసుకి సముద్రపు నాచు, ఎండబెట్టిన పుట్టగొడుగులు వాడతారు. ఎర్ర లక్క పళ్ళాల్లో గదిలోకే తెచ్చారు. నువ్వులు మెత్తగా రుబ్బి గంజిపిండితో కలియబెట్టి గట్టిపడనిచ్చిన ముక్క ఒకటి, పైన కొంచెం వాసాబి. గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫుని (కోయ టోఫు అంటారు, ఆ కొండ పేరే) తియ్యటి రసంలో ఉడికించి పెట్టారు, కొరికితే నోరంతా రసం. టెంపురా, ఊరగాయ, అన్నం, మీసో పులుసు. కారం ఉండదు, అది ముందే మనసులో పెట్టుకోండి. మేము తీసుకెళ్ళిన కందిపొడి బయటికి తీయబుద్ధి కాలేదు, అంత నెమ్మదైన రుచులు అవి. బుక్ చేసేటప్పుడే చేప రసం కూడా వద్దని రాసేయండి, ఎందుకైనా మంచిది.

ఖర్చు రెండు పూటల భోజనంతో కలిపి మనిషికి పదివేల యెన్‌ల పైనే, గుడిని బట్టి ఇంకా ఎక్కువ. చాప గది, నేల మీద పరుపు, చాలా చోట్ల స్నానాల గది అందరికీ కలిపి ఒకటే. జనవరిలో పైన మంచు కురుస్తుంది, రాత్రి సున్నా కిందికి పోతుంది. గదిలో హీటరు ఉంటుంది కానీ ఆ చెక్క వరండాల్లో చెప్పులు విడిచి నడిచేటప్పుడు అరికాళ్ళు మొద్దుబారిపోతాయి. మామయ్య గారికి ఉన్ని మేజోళ్ళు రెండు మూడు జతలు ఇక్కడే కొనండి.

పొద్దున్న ఆరు, ఆరున్నరకి ప్రార్థన. చీకటి మందిరం, వేలాడే ఇత్తడి దీపాలు, సూత్రాలు చదువుతుంటే మధ్యలో మమ్మల్ని కూడా ముందుకి రమ్మని సైగ చేశారు, చిటికెడు ధూపం పొడి తీసి నిప్పుల మీద వెయ్యాలి. కొన్ని గుళ్ళలో హోమం కూడా చేస్తారు, చెక్క పుల్లల మీద కోరికలు రాసి అగ్నిలో వేస్తారు. మన ఇళ్ళలో హోమం చూసి పెరిగినవాళ్ళకి అది చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఓకునోయిన్ తప్పకుండా వెళ్ళండి, దానికి సగం రోజు ఇవ్వండి. రెండు కిలోమీటర్ల దారి, రెండు పక్కలా ఆకాశాన్నంటే సెడార్ చెట్లు, వాటి మధ్య రెండు లక్షలకు పైగా సమాధులు. నాచు పట్టిన పాత రాజుల సమాధుల పక్కనే కంపెనీలు కట్టించినవీ ఉంటాయి. మీరు ఆటో రంగం కాబట్టి నిస్సాన్ వాళ్ళది చూడండి, పని బట్టలు వేసుకున్న కార్మికుల బొమ్మలు నిలబెట్టారు. చెదపురుగుల మందు కొట్టేవాళ్ళ సంఘం, తాము చంపిన చెదపురుగుల కోసం కట్టించిన స్మారకం కూడా ఉంది. అది చూసి మావారు చాలాసేపు కదల్లేదు. చివర్లో ఒక వంతెన వస్తుంది, అది దాటాక ఫోటోలు తీయకూడదు, తినకూడదు, తాగకూడదు, టోపీ తీసేయాలి. కూకై 835 నుంచి అక్కడ ధ్యానంలోనే ఉన్నాడని వాళ్ళ నమ్మకం. ఇప్పటికీ రోజూ పొద్దున్న ఆరింటికీ, పదిన్నరకీ ఆయనకి భోజనం తీసుకెళ్తారు. ఇద్దరు స్వాములు తెల్లటి చెక్క పెట్టెని భుజాల మీద మోసుకుంటూ, ముందు జిజో అనే బోధిసత్వుడి చిన్న విగ్రహం దగ్గర ఆగుతారు. ఆ జిజో రుచి చూసి సరే అన్నాకే వంతెన దాటించాలట. పదిన్నరది చూసేలా మీ ప్లాను వేసుకోండి.

సాకే గురించి కూడా చెప్తాను. అదే కోయ లైను మీద కిందికి వస్తుంటే కవాచినగానో అని ఊరొస్తుంది. అక్కడ అమనోసాన్ కొంగోజి అనే షింగోన్ గుడి ఉంది, స్టేషన్ నుంచి బస్సు. కోయసాన్ మీదికి ఆడవాళ్ళని 1872 దాకా రానిచ్చేవాళ్ళు కాదు, అందుకని ఆడవాళ్ళు దర్శనం చేసుకునే గుడిగా దీన్ని "ఆడవాళ్ళ కోయ" అనేవాళ్ళు. ఈ గుడి స్వాములే ఒకప్పుడు గుళ్ళో సాకే కాచేవాళ్ళు. హిదెయోషి లాంటి పాలకుడు దాన్ని ఏరి కోరి తెప్పించుకున్నాడు. ఊళ్ళోని పాత బ్రూవరీ ఒకటి ఇప్పటికీ అమనో పేరుతో సాకే చేస్తోంది, పాత గుడి పద్ధతిలో చేసిన తియ్యటి చిక్కటి రకం కూడా ఉంది. అంటే మామయ్య గారికి గుడీ, మీకు సాకే, ఒకే స్టేషన్‌లో.

పెరంబూరు ప్రసాదరావు:

ఆనంద్ గారూ, మీ మామయ్య గారు మధ్యలో ఆపేసిన మాట నేను పూర్తి చేస్తాను: గుళ్ళో వద్దు. "సురామేరయ మజ్జ పమాదట్ఠానా వేరమణీ" (మత్తు కలిగించేవాటికి దూరంగా ఉంటాను) అని రోజూ పొద్దున్నే అనుకునే మనిషి పక్క చాప మీద కూర్చుని, గుడి కప్పు కింద మీరు సాకే పోసుకుంటే ఆయన ఏమీ అనరు, కానీ మింగిన ముద్ద గొంతు దిగదు. జపాన్‌లో అది మామూలే అని నాకూ తెలుసు. కానీ అదే జపాన్‌లో జెన్ అనే మరో బౌద్ధ శాఖ గుళ్ళ గేటు దగ్గర రాతి మీద చెక్కి ఉంటుంది, ఉల్లి వెల్లుల్లి లాంటి ఘాటు కూరలూ మద్యమూ ఈ ద్వారం దాటి లోపలికి రాకూడదని. ఆ దేశంలోనే రెండు సంప్రదాయాలూ ఉన్నప్పుడు, మీతో వచ్చిన పెద్దాయన ఏ సంప్రదాయంలో ఉన్నారో దాన్నే పాటించడం న్యాయం. కొండ దిగాక మీ ఇష్టం, అందులో తప్పేమీ నాకు కనపడదు.

ఇంకో సంగతి, ఇది మామయ్య గారి కోసం. కోయసాన్‌లో ఎర్రగా మెరిసే పెద్ద స్తూప మందిరం ఉంటుంది, కొన్‌పొన్ దైతో అంటారు. 48 మీటర్ల పైన ఎత్తు, ఇప్పుడున్న కట్టడం 1937 నాటిది. లోపల నాలుగు మూలల గోడల మీద ఈ శాఖని తరతరాలుగా అందించిన ఎనిమిది మంది గురువుల చిత్రాలు ఉంటాయి. అందులో మొదటివాడు ర్యూమ్యో. ఎవరో కాదు, మన నాగార్జునుడు! దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి, లోపల వజ్రసత్వుడు అనే బోధిసత్వుడి దగ్గర ఈ శాఖ సూత్రాలు అందుకున్నాడని వాళ్ళ సంప్రదాయ కథ. ఆ ఇనుప స్తూపం అంటే అమరావతి స్తూపమే అయ్యుంటుందని కొందరు పండితులు రాశారు. మాధ్యమిక సిద్ధాంతం చెప్పిన నాగార్జునుడూ, ఈ తాంత్రిక నాగార్జునుడూ ఒకరు కారనే చరిత్రకారులూ ఉన్నారు, ఆ చర్చ అలా ఉండనివ్వండి. కృష్ణ ఒడ్డున పుట్టిన కథ ఒకటి సముద్రాలు దాటి వెళ్ళి, మంచు కొండ మీద గోడకెక్కి, ఇవాళ్టికీ నమస్కారాలు అందుకుంటోంది. తెనాలి మాస్టారు ఆ మూల దగ్గర నిలబడితే ఆయనకి ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

అదే గోడల మీద వజ్రబోధి కూడా ఉంటాడు. ఆయన మన దక్షిణాది నుంచే, కంచిలో పల్లవుల రోజుల్లో ఉండి, ఓడ మీద 720 ప్రాంతంలో చైనా చేరినవాడు. ఆయన శిష్యుడు అమోఘవజ్రుడు, అమోఘవజ్రుడి శిష్యుడు హుయిగువో, ఆయన దగ్గర కూకై నేర్చుకున్నాడు. మనం కంచికి పట్టుచీరల కోసం వెళ్ళొస్తుంటాం, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కాబట్టి ప్రయాణానికి ముందు మామయ్య గారు చెన్నై వచ్చిన రోజునే ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. అమరావతి గ్యాలరీలో ఆ స్తూపం రాళ్ళు ఉన్నాయి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవాటితో సహా. వాటిలో చాలా భాగం లండన్ పోయింది, మిగిలినవి మనకి అరగంట దూరంలో ఉన్నా జనం కనపడరు, అది నాకు చాలా బాధ. శుక్రవారం మ్యూజియం సెలవు, అది చూసుకుని వెళ్ళండి.

వేళచ్చేరి వాణి:

ప్రసాదరావు గారూ, నాగార్జునుడి సంగతి నాకు తెలీదు, ఆ ఎర్ర మందిరంలోకి వెళ్ళి కూడా ఆ గోడల దగ్గర ఆగకుండా మధ్యలో విగ్రహాలే చూసి వచ్చాను. చాలా థాంక్స్.

సాకే విషయంలో మీ ముగింపుతో ఏకీభవిస్తాను, కానీ అక్కడి స్వాముల తరఫున ఒక మాట చెప్పాలి. కోయసాన్‌లో చాలా గుళ్ళు బస చేసేవాళ్ళకి అడిగితే సాకే, బీరు తెచ్చిస్తాయి, ఎవరూ తప్పుగా చూడరు. ఆ చలికి తట్టుకోవడానికి ఉప్పు వేసిన సాకే ఒక కప్పు పుచ్చుకోవచ్చని కూకై అనుమతించాడని అక్కడ చెప్పుకుంటారు. 1872లో ప్రభుత్వమే స్వాములు పెళ్ళి చేసుకోవచ్చు, మాంసం తినొచ్చు అని ఉత్తర్వు ఇచ్చింది, అప్పటి నుంచి అక్కడ గుడి అంటే తరతరాలుగా ఒక కుటుంబం నడిపే ఇల్లు కూడా. మన కళ్ళతో చూసి వాళ్ళకి నిష్ఠ లేదనుకోకూడదు. మాకు భోజనం తెచ్చిన కుర్ర స్వామి తెల్లారి నాలుగింటికే లేచి మంచు ఊడుస్తూ కనపడ్డాడు.

ఆనంద్ గారూ, ఆ రాత్రి మాత్రం మామయ్య గారితో పాటు వేడి టీ తాగండి. మీరు అడగకపోతే వాళ్ళు తేరు, అక్కడ సమస్యే రాదు.

గిండీ గోపాల్:

నేను ఫుడ్ ఇండస్ట్రీలో, ఫర్మెంటేషన్ పనిలోనే ఉన్నాను, సాకే బ్రూవరీలు చూడ్డానికే జపాన్ వెళ్ళాను. వాణి గారు చెప్పిన కొంగోజి మంచిదే, కానీ గుడికీ సాకేకీ ఉన్న సంబంధం అసలు చూడాలంటే నారా పక్కన కొండల్లో ఉన్న షోర్యాకుజి వదలకండి. 992లో కట్టిన గుడి. ఇప్పుడు మనం తాగే తేటైన సాకేకి దారి వేసిన పద్ధతులు మధ్యయుగంలో ఈ గుడి స్వాములు కనిపెట్టారు, అక్కడ రాయి మీద కూడా జపాన్ సెయ్‌షు (తేట సాకే) పుట్టిన చోటు అని రాసి పెట్టారు. భూములున్నాయి, బియ్యం వచ్చేది, చదువుకున్న మనుషులున్నారు, కొండ నీళ్ళున్నాయి, దేవతలకి నైవేద్యం కావాలి, గుడి ఖర్చులకి డబ్బు కావాలి. అలా మొదలైంది.

వాళ్ళ పద్ధతి పేరు బొదైమొతో. మన ఇంట్లో తరవాణి కుండ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పచ్చి బియ్యం నీళ్ళలో నానబోసి, అందులోనే కొంచెం వండిన అన్నం వేస్తారు. కొన్ని రోజులకి నీళ్ళు పులుస్తాయి, బుడగలు వస్తాయి. ఆ పులుపు లాక్టిక్ యాసిడ్. చెడ్డ బ్యాక్టీరియాని అది రానివ్వదు, ఈస్ట్ మాత్రం ఆ పులుపులో హాయిగా పెరుగుతుంది. అప్పుడు ఆ బియ్యాన్ని తీసి ఉడికించి, కోజి (బియ్యం మీద పెంచే బూజు) కలిపి, అదే పుల్లటి నీళ్ళతో తోడు పెడతారు. మైక్రోస్కోపు లేని రోజుల్లో ఇంత దూరం ఆలోచించారంటే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఈ పద్ధతి మధ్యలో పోయింది, తర్వాత నారా బ్రూవరీలవాళ్ళు కలిసి మళ్ళీ తెచ్చారు. ఇప్పుడు ప్రతి జనవరిలో ఆ గుడి ఆవరణలోనే అందరూ కలిసి తోడు తయారుచేసి, తలా కొంత తీసుకెళ్ళి ఎవరి బ్రూవరీలో వాళ్ళు సాకే కాస్తారు. మీరు వెళ్ళేదీ జనవరే, తేదీ కనుక్కోండి. బస్సు సౌకర్యం సరిగ్గా ఉండదు, నారా నుంచి టాక్సీ మాట్లాడుకోవాలి, ముగ్గురున్నారు కాబట్టి భరించొచ్చు. ఆ సాకే లేబుల్ మీద బొదైమొతో అని రాసి ఉంటుంది, కొంచెం పుల్లగా, చిక్కగా, పెరుగు వాసన లాంటిది తగులుతూ ఉంటుంది. నాకైతే ఖరీదైన పూల వాసనల సాకేల కన్నా ఇదే ఇష్టం.

సాకే ఎలా తయారవుతుందో తెలిసి తాగితే ఇంకా బాగుంటుంది. ఉడికిన బియ్యం మీద కోజి అనే బూజుని వెచ్చటి గదిలో పెంచుతారు. ఆ బూజు బియ్యంలో పిండిని చక్కెరగా మారుస్తుంది, ఈస్ట్ ఆ చక్కెరని ఆల్కహాల్ చేస్తుంది, రెండూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి. అందుకే నీళ్ళు కలపక ముందు 20 శాతం దాకా వెళ్తుంది, సీసాలో మామూలుగా 15, 16 శాతం. వైన్ కన్నా ఎక్కువే, మెత్తగా దిగుతుంది కదా అని గబగబా తాగకండి. బియ్యం పైపొర చెక్కేసి లోపలి గింజ వాడతారు. గింజలో 60 శాతం లేదా అంతకన్నా తక్కువ మిగిల్చితే గింజో, 50 లేదా అంతకన్నా తక్కువైతే దైగింజో. జున్‌మై అని ఉంటే బియ్యం, కోజి, నీళ్ళు తప్ప విడిగా ఆల్కహాల్ కలపలేదని. చలికాలం పల్లెలో అయితే మామూలు జున్‌మై తీసుకుని వెచ్చబెట్టి ఇమ్మనండి, బాగా చెక్కిన దైగింజో మాత్రం చల్లగానే తాగండి. షాపుల్లో 180 మిల్లీలీటర్ల కప్పులు, 300 సీసాలు దొరుకుతాయి, నాలుగు రకాలు రుచి చూడాలంటే అవే మేలు.

బ్రూవరీ లోపలికి వెళ్ళేరోజు పొద్దున్న నత్తో తినకండి. హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో తీగలు సాగే సోయా గింజలు ఉంటాయే, అవి. ఆ బ్యాక్టీరియా మొండిది, బట్టల మీద, చేతుల మీద వెళ్ళి కోజి గదిలో చేరిందంటే పని పాడు చేస్తుంది. చాలా చోట్ల గేటు దగ్గరే అడుగుతారు. పెర్ఫ్యూమ్ కూడా మానేయండి. జనవరి వాళ్ళకి పని మధ్య కాలం, కాబట్టి లోపలికి రానివ్వకపోయినా ఏమీ అనుకోవద్దు, ముందు గదిలో రుచి చూపించి అమ్ముతారు. చూరుకి సెడార్ ఆకులతో కట్టిన పెద్ద బంతి పచ్చగా వేలాడుతుంటే అప్పుడే కొత్త సాకే వచ్చిందని గుర్తు, నెలలు గడిచేకొద్దీ అది గోధుమరంగుకి తిరుగుతుంది.

పెరంబూరు ప్రసాదరావు:

గోపాల్ గారు, తరవాణి అన్నారు చూడండి, మా అమ్మ ఎండాకాలం పొద్దున్నే పోసేది. గుడి స్వాములు నైవేద్యం కోసం చేశారన్న చరిత్ర చూడ్డానికి మామయ్య గారికీ అభ్యంతరం ఉండదు. ఆయన చూస్తారు, ఆనంద్ తాగుతారు.

అంబత్తూరు ఆనంద్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మామయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. ఇనుప స్తూపం దగ్గరకొచ్చేసరికి "ఆగు, మళ్ళీ చదువు" అన్నారు. వచ్చే గురువారం చెన్నై వస్తున్నారు, వచ్చిన రోజే ఎగ్మోర్ మ్యూజియం. గుడిలో ఉన్నన్ని రాత్రులూ నేను సాకే ముట్టుకోను అని చెప్పాను, ఆయన మాట్లాడలేదు కానీ మా ఆవిడ చెప్పింది, ఫోను పెట్టేశాక అత్తయ్యతో "వాడు నా మేనల్లుడు" అన్నారట.

ప్లాను ఇలా అనుకుంటున్నాం. ముందు కోయసాన్, అక్కడ తొందర లేకుండా. దిగేటప్పుడు కవాచినగానో. తర్వాత నారాలో మకాం, అక్కణ్ణుంచి టాక్సీలో షోర్యాకుజి. ఎయిహెయిజి కూడా చూడాలని మామయ్యకి ఉంది, అది పెట్టుకోవచ్చా? నారాలో కారు అద్దెకి తీసుకుంటే టాక్సీ ఖర్చు తగ్గుతుందా? రెండు మూడు సీసాలు చెన్నై తెచ్చుకోవచ్చా? మా ప్లాంటులో ఇద్దరు ఇప్పటి నుంచే అడుగుతున్నారు.

తాంబరం తిరుపతి:

కారు వద్దు. నేను జపాన్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ తాగి నడిపితే డ్రైవరుకే కాదు, తాగాడని తెలిసి పక్కన కూర్చున్నవాళ్ళకీ, తాగించినవాళ్ళకీ కూడా శిక్ష ఉంది. సైకిల్ తొక్కినా వదలరు. రుచి చూడ్డానికి నాలుక మీద వేసుకున్న చుక్క కూడా లెక్కే అనుకోండి. పైగా జనవరిలో కొండ రోడ్ల మీద మంచు, మనకి అలవాటు లేని డ్రైవింగ్. టాక్సీ ఖర్చుకి వెనకాడకండి.

ఎయిహెయిజి ఫుకుయిలో ఉంది, దోగెన్ 1244లో మొదలుపెట్టిన జెన్ మఠం, ఇప్పటికీ కుర్ర సన్యాసులు అక్కడే ఉండి శిక్షణ పొందుతారు. ఒసాకా నుంచి థండర్‌బర్డ్ రైల్లో త్సురుగా వరకు, అక్కడ షింకన్సెన్ (బుల్లెట్ రైలు) మారి ఫుకుయి (2024 మార్చి నుంచి అలా మారింది), తర్వాత బస్సు. అదే మునిసిపాలిటీలో 1804 నుంచి నడుస్తున్న కొకుర్యూ బ్రూవరీ ఉంది, చాలా పేరున్న సాకే. కానీ ఈ వారంలో ఇరికించకండి. ఆ వైపు జనవరి మంచు కోయసాన్ మంచులా ఉండదు, మోకాళ్ళ దాకా పడుతుంది, రైళ్ళు ఆగిపోయే రోజులుంటాయి. దానికి విడిగా అక్టోబరులో వెళ్ళండి.

సీసాలు తెచ్చుకోవచ్చు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు డ్యూటీ లేదు. 720 మిల్లీలీటర్ల సీసాలు రెండు తెస్తే లెక్కలోనే ఉంటారు. మామయ్య గారి వాటా కింద ఆయన సూట్‌కేసులో మాత్రం పెట్టకండి. బట్టల్లో చుట్టి చెకిన్ లగేజీలోనే వేయండి. కొనేటప్పుడు నామజాకే తీసుకోవద్దు, అది వేడిచేయని పచ్చి సాకే, మొదటి నుంచి చివరి దాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి, మన చెన్నై ఎండకి రుచి మారిపోతుంది. అది అక్కడే తాగేయండి, జనవరిలో అప్పుడే పిండిన కొత్తది దొరుకుతుంది. ఇంటికి తెచ్చేది వేడిచేసిన మామూలు రకం, అది కూడా ఎండ తగలకుండా పేపర్లో చుట్టి ఉంచి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో పూర్తి చేయండి.